సంతాలీ అక్షరానికి నంబరు దొరికిన కథ

జంషెడ్‌పూర్ పేరు చెబితే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది టాటా కంపెనీ. ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వెళ్లి అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో పనికి కుదిరిన కుటుంబాలు తరాల తరబడి ఉన్నాయి. బిష్టుపూర్‌లో మనవాళ్లు కట్టుకున్న రామాలయం ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే. 1907లో కంపెనీ పుట్టే నాటికి అక్కడ ఉన్నది సాక్చీ అనే చిన్న పల్లె. దానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టింది 1919లో. చుట్టూ ఉన్న నేల సంతాలులది, హో జాతివాళ్లది, ముండాలది, భూమిజులది. ఈనాటికీ కరన్‌డీహ్, పోట్కా, ఘాట్‌శిలా వైపు వెళ్తే ఇళ్లలో సంతాలీ వినిపిస్తుంది. బడికి వెళ్తే హిందీ. సంతకు వెళ్తే బెంగాలీ, ఒడియా. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లీషు.

ఆదివాసీ పిల్లల చదువుకు కంప్యూటర్ సాయం అనగానే సాధారణంగా జరిగేది ఒకటే. ఎవరో దాత పది కంప్యూటర్లు ఇస్తారు, గదికి రంగు వేస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు. ఆ పది కంప్యూటర్లలో ఏ ఒక్కదాంట్లోనూ పిల్లవాడి భాషలో ఒక్క మాట టైపు చెయ్యడానికి వీల్లేని రోజులు చాలాకాలం నడిచాయి. సంతాలీ విషయంలో ఆ పరిస్థితి మారింది. మార్పుకు మూలం ఏ కంప్యూటర్ కంపెనీలోనో లేదు, ఒక బడిపంతులి దగ్గర ఉంది.

జంషెడ్‌పూర్‌కు దక్షిణంగా డెబ్భై ఎనభై కిలోమీటర్లు వెళ్తే ఒడిశాలోని రాయ్‌రంగ్‌పూర్ వస్తుంది. ఆ ప్రాంతం అప్పట్లో మయూర్‌భంజ్ సంస్థానం. అక్కడి పల్లెలో 1905లో రఘునాథ్ ముర్ము పుట్టారు. బడిలో పాఠాలు ఒడియాలో చెప్పేవారు, ఇంట్లో మాట సంతాలీ. సంతాలీని అప్పటికే రకరకాల లిపుల్లో రాస్తున్నారు. మిషనరీలు రోమన్ లిపిలో పుస్తకాలు వేశారు. నార్వే నుంచి వచ్చిన బోడింగ్ తర్వాత అయిదు సంపుటాల సంతాలీ నిఘంటువు తెచ్చింది కూడా రోమన్ లిపిలోనే. బెంగాల్‌లో ఉన్నవాళ్లు బెంగాలీ లిపిలో, ఒడిశాలో ఉన్నవాళ్లు ఒడియా లిపిలో, బిహార్ వైపు ఉన్నవాళ్లు దేవనాగరిలో రాసుకున్నారు. ఒకే భాష మాట్లాడే అన్నదమ్ములు ఒకరి ఉత్తరం ఒకరు చదవలేని స్థితి అది.

దీనికి ముర్ము 1925లో జవాబు చెప్పారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. సంతాలీ కోసమే ఒక కొత్త లిపి తయారుచేశారు. దాని పేరు ఓల్ చికి.

ఆ లిపిని దగ్గరగా చూస్తే బడిపంతులి బుర్ర కనిపిస్తుంది. మొత్తం 30 అక్షరాలు, ఆరు వరుసలు, వరుసకు అయిదు. ప్రతి వరుసకూ తలలో ఒక అచ్చు, దాని వెనక నాలుగు హల్లులు. హల్లు పేరులో అచ్చు ముందుంటుంది, హల్లు ధ్వని చివర వస్తుంది: అత్, అల్, ఇస్, ఇర్, ఉద్. పేరు పలికితే చాలు, పిల్లవాడికి హల్లు విడిగా చెవిన పడుతుంది. అక్షరాల రూపాలు కూడా పల్లెలో కంటికి కనిపించేవే. అత్ అంటే భూమి ఆకారం, ఇస్ నాగలి, ఇర్ కొడవలి, ఉచ్ కొండ శిఖరం, ఉద్ పుట్టగొడుగు. గుణింతాలు లేవు, వత్తులు లేవు. ఎడమ నుంచి కుడికి అక్షరం పక్కన అక్షరం రాసుకుంటూ పోవడమే. ఒత్తు పలికే ఖ, ఘ లాంటి ధ్వనులకు వేరే అక్షరాలు నేర్వక్కర్లేదు, హల్లు పక్కన హకారం చేరిస్తే సరిపోతుంది.

మరో చిక్కును కూడా ఆయన విప్పారు. సంతాలీలో కొన్ని మాటల చివర హల్లు పూర్తిగా బయటికి రాదు, గొంతులో తెగిపోతుంది. నీళ్లను వాళ్లు దాక్ అంటారు. ఆ చివరి ధ్వని మన కకారంలా విడుదల కాదు, లోపలే ఆగిపోతుంది. దాని వెనక అచ్చు వస్తే గకారమై పలుకుతుంది. దేవనాగరిలో గానీ బెంగాలీలో గానీ దీన్ని రాయడానికి తిన్నని దారి లేదు. ముర్ము అక్కడ గకారాన్నే వాడారు, మాట చివర వస్తే తెగినట్టు చదవాలని నియమం పెట్టారు. తెగకుండా గట్టిగా పలకాల్సిన చోట అహద్ అనే చిన్న గుర్తు చేర్చారు. పిల్లవాడు ఇంట్లో పలికిన మాట బడిలో అలాగే రాయొచ్చన్నమాట.

లిపి తయారైతే సరిపోదు, అచ్చు కావాలి. 1933 నుంచి బడోంతలియా బడిలో పాఠాలు చెబుతూ ఈ అక్షరాలను పిల్లల మీదే పరీక్షించి చూశారు. అచ్చు వెయ్యడానికి చెక్కతో ముద్రణ యంత్రం చేసుకున్నారు. 1939లో మయూర్‌భంజ్ సంస్థానం ప్రదర్శనలో మహారాజు ముందు దాన్ని ఆడించి చూపించారు. బిదు చందన్ అనే నాటకంతో లిపి పుట్టుకను ఒక ప్రేమకథలో కలిపి జనంలోకి తీసుకెళ్లారు. జాతరల్లో, ఊరి అరుగుల మీద, కార్ఖానా కూలీల బస్తీల్లో ఓల్ చికి నేర్పేవాళ్లు తయారయ్యారు. ప్రభుత్వ ఉత్తర్వుతో మొదలైన లిపి కాదు గనక, దాన్ని నిలబెట్టిన ఖర్చంతా ఆ జనమే భరించారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం లిపిని గుర్తించింది 1979లో, అంటే పుట్టిన యాభై నాలుగేళ్లకు. ముర్ము 1982లో కన్నుమూశారు.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే భారతీయ భాషలు కంప్యూటర్‌లోకి అడుగుపెట్టాయి. మన దేశం కోసం తయారైన ఇస్కీ అనే సంకేత పద్ధతిలో దేవనాగరి, బెంగాలీ, ఒడియా, తమిళం, తెలుగు వంటి లిపులకు చోటు దొరికింది. 1991లో ప్రపంచ ప్రమాణంగా వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. ఓల్ చికి రెండింట్లోనూ లేదు.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. తెలుగు అ కు యూనికోడ్ ఇచ్చిన అంకె 3077. మీరు అ నొక్కితే యంత్రం దాచుకునేది ఆ 3077ను, తెర మీద బొమ్మ గీసేది ఫాంటు. అంకె లేని అక్షరాన్ని వెతకడం కుదరదు, అక్షరక్రమంలో పేర్చడం కుదరదు, మెయిల్లో పంపడం కుదరదు. అది ఉత్త బొమ్మే.

మరి ఆ రోజుల్లో సంతాలీ పత్రికలు, పుస్తకాలు కంప్యూటర్ మీద ఎలా అచ్చయ్యాయి? మన డీటీపీ సెంటర్లలో పనిచేసినవాళ్లకు ఈ చిట్కా కొట్టినపిండి. ఇంగ్లీషు అక్షరాల అంకెల మీద మన లిపి బొమ్మలు అతికించిన ఫాంటు వాడతారు. అను ఫాంట్లలో కట్టిన తెలుగు పేజీని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఏమవుతుందో మనకు తెలుసు: పిచ్చి గీతలు, ఇంగ్లీషు ముక్కలు. ఓల్ చికికి కూడా అలాంటి ఫాంట్లే దిక్కయ్యాయి. కాగితం మీద అచ్చు చక్కగా పడేది. బడి పుస్తకాన్ని మరో ఊరి టీచరుకు ఫైలుగా పంపితే మాత్రం అక్కడ అక్షరం కనిపించేది కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సాంకేతికంగా చూస్తే తెలుగు కన్నా ఓల్ చికి చాలా సులువు. మన లక్ష్మిలో ఉన్న క్ష్మి గీయాలంటే కంప్యూటర్ ఆరు సంకేతాలను కలిపి, కింద వత్తులు వేలాడదీసి, పైన గుడి పెట్టాలి. అందుకు ప్రత్యేకమైన ప్రోగ్రామే కావాలి. ఓల్ చికికి ఆ బాధ లేదు, ఇంగ్లీషులాగా పక్కపక్కన పేర్చుకుంటూ పోవచ్చు. అయినా కష్టమైన తెలుగు 1991లోనే చేరిపోయింది, సులువైన ఓల్ చికి గుమ్మం బయటే ఉండిపోయింది. తేడా లిపిలో లేదు. అడిగే రాష్ట్ర ప్రభుత్వం, పాఠ్యపుస్తకాల సంస్థ, దినపత్రికలు మనకున్నాయి, వాళ్లకు లేవు. 2011 జనాభా లెక్కల్లో సంతాలీ మాతృభాషగా ఉన్నవాళ్లు 73 లక్షల పైచిలుకు. అన్ని లక్షల మంది జనం ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా, బిహార్, అస్సాంలకు చెదిరి ఉన్నారు, సరిహద్దు దాటి బంగ్లాదేశ్, నేపాల్‌లలోనూ సంతాలులు ఉన్నారు. ఎక్కడికక్కడ తక్కువవాళ్లే.

రెండు పనులు దాదాపు ఒకే కాలంలో సాగాయి. ఒకటి రాజ్యాంగం వైపు నుంచి. 2003 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 92వ సవరణతో బోడో, డోగ్రీ, మైథిలీలతో పాటు సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. దాంతో భాష కోసం ఫాంట్లు, కీబోర్డులు తయారుచేయించాల్సిన బాధ్యత కేంద్రం మీద పడింది. రెండోది యూనికోడ్ వైపు నుంచి. అక్కడ చోటు కావాలంటే ఉద్యమం చేస్తే రాదు, కాగితం పెట్టాలి. అక్షరాల జాబితా, పేర్లు, వరుస, అంకెలు, విరామ చిహ్నాలు, అచ్చయిన పుస్తకాల పేజీలు అన్నీ సాక్ష్యంగా చూపాలి. ప్రపంచంలోని ఎన్నో చిన్న లిపుల తరఫున ఇలాంటి కాగితాలు రాసిన మైకేల్ ఎవర్సన్ ఓల్ చికికి కూడా రాశారు. తొలి ప్రతిపాదన 1990ల చివర్లో వెళ్లింది, తుది ప్రతిపాదన 2005 సెప్టెంబరులో. దశాబ్దాలుగా సంతాలులు తమ డబ్బుతో అచ్చు వేసుకున్న పుస్తకాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. ఈ లిపిని జనం నిజంగా వాడుతున్నారా అని అడిగితే చూపించడానికి సాక్ష్యం అప్పటికే ఉంది.

2008 ఏప్రిల్‌లో యూనికోడ్ 5.1 విడుదలైంది. అందులో ఓల్ చికికి 48 స్థానాలు దక్కాయి. 7248 నుంచి 7257 దాకా పది అంకెలు. 7258 నుంచి 7287 దాకా ముర్ము పేర్చిన వరుసలోనే ముప్ఫై అక్షరాలు. ఆ తర్వాత ఆరు ఉచ్చారణ గుర్తులు, వాటిలో చివరిది అహద్. ఆఖరున రెండు విరామ చిహ్నాలు. ఇచ్చిన 48 గడులూ నిండిపోయాయి, ఒక్కటీ ఖాళీ లేదు. బడోంతలియా బడిలో పిల్లలు నేర్చుకున్న అక్షరమాల ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్‌కూ తెలిసిన పట్టికగా మారింది.

అంకె దొరికాక మిగతావి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గూగుల్ నోటో ఫాంట్లలో ఓల్ చికి చేరింది. విండోస్‌తో వచ్చే నిర్మలా ఫాంటులో చేరింది. ఫోన్లో జీబోర్డు తెరిచి సంతాలీ ఎంచుకుంటే ఓల్ చికి మీటలు వస్తాయి. వికీపీడియాలో ఏళ్ల తరబడి ప్రయోగదశలో ఉన్న సంతాలీ విభాగం 2018 ఆగస్టు 2న సొంత కాళ్ల మీద నిలబడింది. దానికోసం భారత్‌లోని సంతాలులు, బంగ్లాదేశ్‌లోని సంతాలులు కలిసి పనిచేశారు. నాలుగు లిపుల్లో చీలిపోయిన జాతికి ఒకే పేజీ మీద రాసుకునే చోటు అలా దొరికింది.

బడిపిల్లలకు నేరుగా పనికొచ్చేది కథల పుస్తకం. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఎవరైనా తమ భాషలోకి మార్చి పెట్టొచ్చు. సంతాలీ పుస్తకాలు అక్కడ ఓల్ చికిలో ఉన్నాయి. అచ్చు వెయ్యడానికి ప్రచురణకర్త దొరకని భాషకు ఇది పెద్ద ఊరట. టీచరు తన ఫోన్లో కథ దింపుకుని తరగతిలో చూపించొచ్చు, కావాలంటే ప్రింటు తీసుకోవచ్చు.

అనువాద యంత్రాల వంతు ఆ తర్వాత వచ్చింది. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 షెడ్యూలులోని 22 భాషల మధ్యా అనువాదం చేస్తుంది. అందులో సంతాలీ ఓల్ చికిలోనే ఉంది. 2024 జూన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ ఒకేసారి చేర్చుకున్న 110 భాషల్లోనూ సంతాలీ ఉంది. ఈ యంత్రాలు నేర్చుకునేది జనం టైపు చేసి పెట్టిన పాఠం నుంచి. వికీపీడియా వ్యాసం రాసిన కుర్రవాడు, కథను మార్చి పెట్టిన టీచరు తమకు తెలియకుండానే యంత్రానికి కూడా పాఠం చెప్పారు. అంకె లేకపోతే ఆ పాఠమే పోగయ్యేది కాదు.

జంషెడ్‌పూర్ ఈ కథలో ఒక కూడలి. సోనారీలో టాటా స్టీల్ నడిపే ట్రైబల్ కల్చర్ సెంటర్ ఉంది. ఓల్ చికి, హో భాషకు చెందిన వరంగ్ చితి నేర్పే తరగతులకు టాటా స్టీల్ ఫౌండేషన్ సాయం చేస్తోంది. 2014 నుంచి ఏటా నవంబరులో, బిర్సా ముండా జయంతికి, సంవాద్ పేరుతో దేశంలోని ఆదివాసులు ఇక్కడ కలుస్తున్నారు. కరన్‌డీహ్‌లోని లాల్ బహదూర్ శాస్త్రి స్మారక కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన దిగంబర్ హాంస్‌దా సంతాలీ పాఠ్యపుస్తకాల కోసం జీవితమంతా శ్రమించి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. లిపి కంప్యూటర్ ఎక్కేసరికి అందులో పెట్టడానికి పాఠం సిద్ధంగా ఉందంటే ఇలాంటివాళ్ల చలవే.

ఓల్ చికి వేసిన బాటలో పొరుగు భాషలూ నడిచాయి. లకో బోద్రా హో భాషకు కూర్చిన వరంగ్ చితికి 2014లో యూనికోడ్ చోటిచ్చింది. ఇంగ్లీషులాగా ఇందులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు రెండూ ఉంటాయి. రోహిదాస్ సింగ్ నాగ్ ముండారీకి రూపొందించిన లిపి 2022లో చేరింది. డాక్టర్ నారాయణ్ ఉరాఁవ్ కుడుఖ్ భాషకు తయారుచేసిన తోలోంగ్ సికి 2025 సెప్టెంబరులో వచ్చిన 17వ కూర్పులో చేరింది. కుడుఖ్ ద్రావిడ భాష, తెలుగుకు చుట్టం. పదిహేడేళ్లలో ఝార్ఖండ్ ఆదివాసీ భాషలు నాలుగింటి లిపులు కంప్యూటర్‌లో కూర్చున్నాయి.

అంతమాత్రాన బడిలో అంతా చక్కబడిందని అనుకోకూడదు. ఝార్ఖండ్‌లో సంతాలీ పాఠాలు దేవనాగరిలో వెయ్యాలా, ఓల్ చికిలోనా అన్న వాదన తెగలేదు. ఓల్ చికి చదవగలిగే టీచర్లు ప్రతి బడిలోనూ లేరు. కుర్రకారు వాట్సాప్‌లో సంతాలీని రోమన్ అక్షరాలతోనే కొట్టేస్తుంటారు, మనవాళ్లు తెలుగును కొట్టినట్టే. ఊరట ఏమిటంటే, సంతాలీ, హో, ముండారీ, కుడుఖ్, ఖడియా మాట్లాడే చిన్నపిల్లలకు ఇంటిభాషలోనే చదువు మొదలుపెట్టే కార్యక్రమం ఝార్ఖండ్ ప్రభుత్వ బడుల్లో నడుస్తోంది. దానికి కావలసిన బొమ్మల పుస్తకం, పాట, ఆడియో పాఠం ఇప్పుడు కంప్యూటర్ మీదే తయారు చేసుకోవచ్చు.

లిపి గొడవ తెగని చోట గొంతు పనికొస్తుంది. గోండీ కోసం సీజీనెట్ స్వర, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, నయా రాయ్‌పూర్ ట్రిపుల్‌ఐటీ కలిసి 2020 ఆగస్టులో ఆదివాసీ రేడియో అనే యాప్ తెచ్చాయి. రాసిన గోండీని అది చదివి వినిపిస్తుంది. ముండారీకి కూడా మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ అలాంటి పనే చేపట్టింది. అక్షరం రాని తల్లి కూడా బిడ్డ పాఠం వినగలుగుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. తెలుగువాళ్లలో ఈ పని మొదలుపెట్టినవారు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల తొలి ఏళ్లలో సవర, గోండీ, కోయ, కువి, కొండ, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియా ఈ ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేసి 240 బడుల్లో చదువు మొదలుపెట్టారు. వాచకాలన్నీ తెలుగు లిపిలోనే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చిన రాతప్రతుల పుణ్యమా అని గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. సవరకు సొంతంగా పుట్టిన సొర సొంపెంగ్ లిపి 2012లోనే చేరింది.

అంటే మన ఏజెన్సీ పిల్లల భాషలకు లిపి అడ్డంకి లేదు. తెలుగు లిపిలో రాయాలన్నా అంకెలు ఉన్నాయి, సొంత లిపిలో రాయాలన్నా గోండీకి, సవరకు అంకెలు ఉన్నాయి. లేనిది పాఠం. సంతాలులు అచ్చు పుస్తకాలను ముందు పోగేసుకున్నారు, కంప్యూటర్ తర్వాత వచ్చింది. మనం కంప్యూటర్లు ముందిచ్చి, అందులో కోయ పిల్లకు కోయలో ఏముందో చూడడం మరిచిపోతున్నాం.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న తెలుగు ఇంజనీర్లు పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఏజెన్సీ బడికి కంప్యూటర్ కొనివ్వాలనుకుంటే సంతోషమే. కొనేముందు ఆ బడి టీచరుకు ఒక ఫోన్ చెయ్యండి. పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగండి. ఆ భాషలో కథ చెప్పగల అవ్వను, రాయగల కుర్రవాణ్ని వెతికి, పది కథలు రాయించి, గొంతు రికార్డు చేయించి, స్టోరీవీవర్ లాంటి చోట అందరికీ దొరికేలా పెట్టించండి. వాళ్ల పనికి కూలి ఇవ్వండి. కంప్యూటర్ ఆ తర్వాత కొనండి.